సెలవుల ముందు చెప్పాల్సిన మాట

నేల మీద బాసింపట్టు వేసుకుని మాస్టారు ఇంకో పిల్లవాడి బూటు లేసు కడుతున్నాడు. ఒకటో తరగతి గదిలో ఆయనకని ఒక కుర్చీ ఉంది గానీ, దాని మీద కూర్చుంటే పిల్లల మొహాలు కాక నడినెత్తులు కనిపిస్తాయి. అందుకని ఏళ్ళ తరబడి నేలే ఆయన కుర్చీ. మనిషి భారీ. పొట్ట ఒళ్ళోకి దిగి, చొక్కా గుండీ ఒకటి ఎప్పుడూ ఊడడానికి సిద్ధంగా ఉంటుంది. ఏనాటి పిల్లలో 'కొండ మాస్టారు' అని పేరు పెట్టారు. వాళ్ళకి మీసాలొచ్చినా పేరు మాత్రం తరగతిలోనే ఉండిపోయింది. ఆ పేరు ఆయనకి తెలియదని పిల్లలు అనుకుంటారు. ఆయనా తెలియనట్టే ఉంటాడు.

రేపటినుంచి వేసవి సెలవులు. సెలవులయ్యాక ఆయన ఈ బడికి రాడు. ఇంటికి రెండు వీధుల అవతల కొత్తగా కట్టిన బడిలో, మళ్ళీ ఒకటో తరగతే ఇచ్చారు. ఇక బస్సులు మారే బాధ లేదు. ఆ సంగతి తెలిసిన రోజు భార్య వంటింట్లోంచే అంది: "ఇకనుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడిగా తినొచ్చు. తిని ఇక్కడే నిద్రపోతే మాత్రం పిల్లలు వెతుక్కుంటూ వస్తారు, చూసుకోండి."

ఆయనకి సంతోషంగానే ఉంది. దాచుకోవడమెందుకు, చాలా సంతోషంగా ఉంది. స్టాఫ్ రూంలో మిగతావాళ్ళు మొహాలు వేలాడేసుకుని పలకరిస్తుంటే తానూ కాస్త దిగులుగా కనబడదామని ప్రయత్నించాడు గానీ, చేతకాలేదు. మనసంతా సెలవుల మీదే ఉంది. గంట మోగని పొద్దులు, వరండాలోకి నీడ రాగానే చాప పరుచుకుని పడుకోవడం, లేచాక ఏం చెయ్యాలో తోచక మళ్ళీ పడుకోవడం.

ఒక్కటే గుచ్చుకుంటోంది. పిల్లలకి ఇంకా చెప్పలేదు. రెండో తరగతికి వెళ్ళినా పొద్దున్నే లేసుల కోసం ఆయన దగ్గరికే వస్తారు వాళ్ళు. నిరుడు పాటల టీచరు చెప్పకుండా సెలవుల్లోనే మారిపోయింది. బడి తెరిచాక నెల్లాళ్ళపాటు, పాటల పీరియడు రాగానే పిల్లలు గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ చూపులు చూశాకే, తాను వెళ్ళాల్సొస్తే తన నోటితో చెప్పి వెళ్ళాలని గట్టిగా అనుకున్నాడు.

పొద్దున చెబుదామంటే ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. బల్లలు కడిగే సబ్బునీళ్ళ హడావిడిలో ఎవరూ వినే స్థితిలో లేరు. భోజనాలప్పుడు, తినే పిల్లల దగ్గర దిగులు మాటెందుకులే అనిపించింది. అలా నీళ్ళు నములుతూనే సాయంత్రం చేశాడు. చివరికి అందరినీ వరసలో నిలబెట్టి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే గంట మోగింది. గంట వినగానే ఏటా చెప్పే మాట దానంతటదే వచ్చేసింది.

"సెలవులయ్యాక కలుద్దాం. గోళ్ళు తీయించుకుని రండి."

"అలాగే మాస్టారూ" అంటూ గుమ్మంలో ఇరుక్కుని, తోసుకుని, క్షణంలో మాయమైపోయారు.

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. చెప్పకపోవడం ఒక ఎత్తు, కలుద్దామని చెప్పి రాకపోవడం ఇంకో ఎత్తు. అంత ఒళ్ళూ వేసుకుని గేటు దాకా పరిగెత్తాడు. అప్పటికే బడి బస్సు కదిలింది. ఆపమని చెయ్యెత్తితే, కిటికీల్లోంచి పిల్లలంతా ఉత్సాహంగా చేతులూపారు. రొప్పుతూ తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పొద్దుటి సంతోషం కాస్తా చప్పబడిపోయింది.

"మాస్టారూ, నా సీసా."

గుమ్మంలో ముందుపళ్ళు ఊడిన పిల్ల. వాళ్ళ ఇల్లు బడి వెనకే. ఏ కబురైనా ఆ పిల్ల చెవిన పడితే చాలు, మర్నాటికి తరగతిలో తెలియనివాళ్ళుండరు. కిటికీ పక్క బల్ల మీద ఆకుపచ్చ నీళ్ళ సీసా ఉంది. ఆయన దాన్ని తీశాడు గానీ వెంటనే ఇవ్వలేదు. పిల్ల మొహం ఎదురుగా వచ్చేలా నేల మీద కూర్చున్నాడు.

"ఇందాక తప్పు చెప్పానమ్మా. సెలవులయ్యాక నేను ఇక్కడికి రాను. వేరే బడికి వెళ్తున్నా."

పిల్ల ఆలోచించింది. "అక్కడ ఒకటో తరగతి ఉందా?"

"ఉంది."

"వాళ్ళకి లేసులు కట్టుకోవడం వచ్చా?"

"రాదనుకుంటా."

"అయితే వెళ్ళండి" అంది. "మాకు ముడి వచ్చు. దాని మీద వేసే పువ్వు ఒక్కటే రాదు. అది మేమే నేర్చుకుంటాంలెండి."

మాస్టారికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెంటినీ మింగి, "అందరికీ చెప్తావా?" అన్నాడు.

"ఇప్పుడే చెప్పొస్తా" అంటూ పిల్ల సీసా సంగతే మరిచి పరుగు తీసింది. గోడ అవతల ఒక తలుపు కొట్టిన చప్పుడు, ఆ వెంటనే కబురు చెబుతున్న ఆ గొంతు, తర్వాత ఇంకో తలుపు.

ఆయనకి గుండె తేలికపడింది. ఫ్యాను ఆపాడు. సంచీ భుజాన వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, తీరిగ్గా బస్సు స్టాపు వైపు నడిచాడు. బయట కిటికీ గట్టు మీద, ఆ పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో, అడుగున గుక్కెడు నీళ్ళతో ఆకుపచ్చ సీసా ఉంది.