కుడిచెయ్యి

పొద్దున మొగులు కమ్ముకుంది గాని చినుకు పడలేదు. ఫ్యాక్టరీ పొగ పైకి పోలేక ఊరి మీదనే వాలింది. కిటికీ పక్క మంచంలో ఒరిగిన అంజయ్యకు ఆ ఘాటు గొంతులో తగులుతోంది. దగ్గుదామంటే భయం. దగ్గితే ఒళ్లు కదులుతుంది. ఒంటితో పాటు కుడిచెయ్యి కూడా కదులుతుంది.

ఎండాకాలంలో పక్షవాతం వచ్చినప్పుడు ఆ చెయ్యి నిజంగానే పడిపోయింది. మాటా పోయింది. వానలు మొదలయ్యాక వేళ్లలోకి జీవం వస్తున్న సంగతి దుప్పటి కింద ఆయనకొక్కడికే తెలిసింది. బయటపడనియ్యలేదు. ఫ్యాక్టరీ గోడకూ వాగుకూ నడుమ మిగిలిన చెలక భూమి ఆయన పేరు మీదే ఉంది. అది ఫ్యాక్టరీ వాళ్ల చేతికి పోతే మురికి గొట్టం నేరుగా వాగులో పడుతుంది. కింది ఊళ్ల పశువులు తాగేది ఆ నీళ్లే. చెయ్యి లేస్తే సంతకం అడుగుతారు, లేవకుంటే అడగరు. ఆయన నమ్మకం అది.

వాకిట్లో స్కూటీ ఆగింది. రోజూ ఇంటికొచ్చి కసరత్తు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి అలేఖ్య లోపలికొచ్చింది.

"ఏం తాతా, మొఖం గట్ల వెట్టినవ్? కోడలు చాయ్ పొయ్యలేదా?"

"పోసిన. సగం నా చీరె మీదనే ఉమ్మిండు," వంటింట్లోంచి అరుణమ్మ అంది.

అలేఖ్య నవ్వి, ఆయన భుజం నుంచి మణికట్టు దాకా నొక్కుతూ వచ్చింది. అంజయ్య ఊపిరి బిగబట్టి చేతిని తడిగుడ్డలా వదిలేశాడు. ఆమె సంచిలోంచి రబ్బరు బంతి తీసింది. అది జారి మంచం అంచుకు దొర్లింది. ఎడ్ల పగ్గం జారుతుంటే అందుకున్న చెయ్యి అది. దానంతటదే పోయి బంతిని పట్టేసింది.

"అరుణక్కా..." అలేఖ్య సంబరంగా పిలిచింది. అంతలో అవే వేళ్లు ఆమె మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. అంజయ్య కళ్లు అరుగు వైపు తిరిగాయి. అక్కడ కొడుకు చంద్రకాంత్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఔ సార్. మా నాయిన జెర లేసి కూసుంటే అయిపాయె. భూమి మీకే. నన్ను పర్మనెంట్ జేసుడు మాత్రం యాది వెట్టుకోన్రి."

అలేఖ్య మొహంలో సంబరం పోయింది. "గిందుకా దాస్తున్నవ్?" అని గుసగుసగా అడిగింది. ఆయన రెప్పలు వాల్చాడు. చెయ్యి మళ్లీ దుప్పటి కిందికి పోయింది.

చంద్రకాంత్ గడపలో నిలబడ్డాడు. ఒంటి మీద ఫ్యాక్టరీ కాంట్రాక్టు కూలీల నీలం చొక్కా. "ఏంది మేడం, పిలుస్తున్నవ్? లేసిందా చెయ్యి?"

ఆమె బంతిని సంచిలో పెట్టుకుంది. మూతి తాడు చేతికి దొరకలేదు. "లేవలే అన్నా. మంచినీళ్లకు పిలిచిన."

"నువ్వొచ్చినకాంచి గిదే మాట. కనీసం 'ఔ' అనుడన్న నేర్పుమంటి." ఫోన్ జేబులో వేసుకున్నాడు. "పోనీ తియ్యి. లేవకున్నా నడుస్తదట. ఎల్లుండి రిజిస్ట్రేషన్ ఆఫీసరు ఇంటికే వస్తడు. చెయ్యి వట్టుకొని నేనే వేలిముద్ర వెట్టిస్త. తలకాయ ఊపిండని వాళ్లే రాసుకుంటరు."

ఆ మాట అంటూ తండ్రి వైపు చూడలేదు. ఈసారి కూడా పర్మనెంట్ కాకపోతే గేటు బయటికేనని సూపర్‌వైజరు చెప్పి ఉన్నాడు.

అంజయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. పడిపోయిన చేతిని ఎవరైనా ఎత్తుకుంటారు, ఎక్కడైనా పెట్టుకుంటారు. అది వెనక్కి లాక్కోలేదు. ఇన్నాళ్లూ భూమికి కాపలా అనుకొని తాను చూపిస్తూ వచ్చింది వాళ్లకు అక్కరకొచ్చే చెయ్యినే.

అరుణమ్మ కంచాలు తెచ్చి మామది మంచం మీద, మిగిలినవి కింద పెట్టింది. "మేడం, నువ్వు గూడ ఇంత తిని పో." మామను దిండుకు ఆనించి, పప్పన్నం కలిపి చెంచా ఆయన నోటి దగ్గరికి తెచ్చింది.

ఆయన మొహం తిప్పుకున్నాడు. దుప్పటిలోంచి కుడిచెయ్యి బయటికొచ్చింది. వణుకుతూ కంచంలోకి పోయింది. ముద్ద సగం ఒళ్లో రాలింది, సగం నోట్లో పడింది.

అరుణమ్మ చెంచా గాలిలోనే ఆగింది.

"నాయినా," అన్నాడు చంద్రకాంత్. "చెయ్యి..."

అంజయ్య మింగాడు. నోట్లో నాలుక రాయిలా ఉంది. దాన్ని ఒక పక్కకు, మరో పక్కకు నెట్టాడు. మాట వంకరగా వచ్చింది గాని వచ్చింది.

"ఇయ్యను."

చంద్రకాంత్ జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. అరుణమ్మ చెంచా కింద పెట్టి, కంచాన్ని మామ చేతికి అందేలా జరిపింది. అలేఖ్య తల వంచుకుంది. చాలాసేపటికి చంద్రకాంత్ చెయ్యి కూడా తన కంచంలోకి పోయింది. ఎవరూ ఎవరి మొహం చూడకుండా తిన్నారు. అంజయ్య వేళ్ల వణుకుకు కంచం అంచు మంచం కోడుకు తగిలి సన్నగా చప్పుడవుతూనే ఉంది.