ఒకే ఒక్క టికెట్టు

మా పిన్ని, మేం టీటా అని పిలిచే పురింగ్, అరవై మూడో ఏట ఒంటరిగా సినిమాలకు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ప్రతి బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె గిన్నెలు కడిగి, ముఖానికి పౌడరు అద్దుకుని, చర్చికి మాత్రమే వేసుకునే నల్ల బూట్లు తొడుక్కుని గేటు దాటేది. ఆరింటికల్లా తిరిగొచ్చేది. వచ్చిన మనిషి ఏదో కూనిరాగం తీస్తూ ఉల్లిపాయలు తరిగేది. ఉల్లిపాయలు తరుగుతూ రాగం తీసే మనిషిని అనుమానించకుండా ఎలా ఉంటాం?

మా నాగా ఊళ్లో గేటు దాటే మనిషిని ఎక్కడికని అడగరు, ఎవరితో అని అడుగుతారు. ఎవరూ లేరంటే అయ్యో అని జాలిపడి, అప్పటికప్పుడు చెప్పులేసుకుని తోడు బయల్దేరతారు. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనం నుంచి తప్పించుకోవడమే కష్టం.

మా అమ్మ సోలెదాద్ ఆమెకు అక్క, ఏడేళ్లు పెద్ద. నాన్న పోయాక అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. మూడు వారాలు ఓపిక పట్టి నాలుగో వారం అడిగేసింది, ఎవరితో వెళ్తున్నావే అని. ఎవరితోనూ లేదు మనాయ్ అంది టీటా. అక్కను మేం మనాయ్ అంటాం. మా అమ్మ ఆ మాట అస్సలు నమ్మలేదు.

నమ్మకపోవడంలో అమ్మ తప్పేమీ లేదు. మా ఇంట్లో తోడు అన్న మాటకు అర్థమే టీటా పురింగ్. పెళ్లి చేసుకోలేదు, కాబట్టి ఖాళీగా ఉందని అందరి లెక్క. ఎవరు ఆసుపత్రిలో చేరినా మంచం పక్కన కుర్చీ ఆమెదే. ఎవరు పాస్‌పోర్టుకు వెళ్లినా వాళ్ల సంచులు ఆమె ఒళ్లోనే. ఇక పెళ్లికాని ఆడపిల్లలు స్నేహితుడితో సినిమాకు వెళ్లాలంటే వెంట ఒక పెద్దావిడ ఉండి తీరాలి కదా, ఆ పెద్దావిడ కూడా ఆమే. అప్పటికి ఆమెకు ముప్ఫై నిండలేదు పాపం.

పెళ్లికి ముందు నన్నూ మా ఆయన నెస్టర్‌నూ కాపలా కాసింది ఆమే. మా వెనక వరసలో, సరిగ్గా మా ఇద్దరి మధ్య సందు తనకు కనిపించేలా కూర్చునేది. ఒళ్లో వేరుశనగల పొట్లం. మా తలలు కాస్త దగ్గరైతే చాలు, వెనకనుంచి ఒక పల్లీ వచ్చి నెస్టర్ చెవికి తగిలేది. గురి తప్పేది కాదు. నెస్టర్ ఇప్పటికీ పల్లీలు తినడు.

ఆ రోజుల్లో ఆట మధ్యలోనైనా హాల్లోకి దూరిపోవచ్చు. సగం నుంచి చూసి, మళ్లీ ఆట మొదలయ్యాక, మనం వచ్చిన చోటు రాగానే లేచి వచ్చేయడమే. ప్రేమికులకు కథతో పనేముంది, వాళ్లు వచ్చినప్పుడు వస్తారు, లేచినప్పుడు లేస్తారు. వాళ్లతోపాటే ఆమె కూడా లేవాలి. అలా పదకొండు జంటలను కాపలా కాసింది. అందులో తొమ్మిది పెళ్లిళ్లయ్యాయి. ప్రతి పెళ్లిలోనూ ఆమెను మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టి పొగిడారు. మర్నాడు మళ్లీ ఎవరో ఒకరు తోడు రమ్మని పిలిచారు.

ఐదో బుధవారం ఎదురింటి బెబెంగ్ పరుగున వచ్చింది. మాల్‌లో సినిమా టికెట్ల వరసలో టీటాను చూసిందట. పౌడరు రాసుకుందట. నవ్వుతూ ఉందట. సినిమాకు ఒక్కరే ఎవరైనా వెళ్తారా, లోపల ఎవరో ఎదురుచూస్తూ ఉండాలి అని తేల్చేసింది. అమ్మ చేతిలో చీపురు కింద పడింది.

"అరవై మూడేళ్లొచ్చాక మగాడు కావలసొచ్చాడా దీనికి" అంది అమ్మ.

ఆ వారమంతా అమ్మకు నిద్ర లేదు. ఆ మనిషి టీటా పింఛను కోసం వచ్చి ఉంటాడని ఒక రోజు, పెళ్లాం ఉన్నవాడై ఉంటాడని మరో రోజు. చివరికి శనివారం నాకు కబురు పెట్టింది. వచ్చే బుధవారం వెనకాలే వెళ్లి వాడెవడో చూసి రావాలి. చూసి ఊరుకోకూడదు, వాళ్ల వెనక వరసలో కూర్చోవాలి. సంగతి తేలితే ఆ సినిమాలు ఆ రోజుతో బందు.

నవ్వొచ్చింది, ఒప్పుకున్నాను. నాకు నలభై ఐదేళ్లు, ఇద్దరు పిల్లలు, బ్యాంకులో ఉద్యోగం. మా అందరి ప్రేమలకు కాపలా కాసిన మనిషి ప్రేమకు నేను కాపలా. సెలవు పెట్టి మరీ వెళ్లాను. నిజం చెప్పాలంటే వాడెవడో చూడాలన్న ఆత్రం అమ్మకంటే నాకే ఎక్కువ ఉంది.

టికెట్టు ఇచ్చే అమ్మాయి టీటాను ఎంతమందని అడిగింది. నేను స్తంభం చాటున ఉన్నాను. "ఒకే ఒక్క టికెట్టు" అంది టీటా, స్పష్టంగా. ఆ అమ్మాయి జాలిగా చూసి మరోసారి అడిగింది. మరోసారి అదే చెప్పింది.

లోపల పెద్దగా జనం లేరు. టీటా మధ్య వరసలో మధ్య సీటు ఎంచుకుంది. రెండు వరసల వెనక నేను నక్కి కూర్చున్నాను. ఆమె తన సంచి తీసి పక్క సీట్లో పెట్టింది. ఆహా, సీటు పట్టి ఉంచుతోంది, వస్తాడన్నమాట అనుకుని అమ్మకు మెసేజ్ కొట్టాను. దీపాలు ఆరకముందే ఒక పెద్దాయన ఆ వరసలోకి వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. ఫర్వాలేదే అనుకున్నాను. ఆయన వంగి ఏదో అడిగాడు. టీటా తల అడ్డంగా ఊపింది. ఆయన పోయి చివర కూర్చుని పది నిమిషాల్లో గుర్రు పెట్టాడు.

సినిమా మొదలైంది. ఎవరూ రాలేదు.

టీటా బూట్లు విప్పేసింది. కాళ్లు ముందుకు చాపుకుంది. ఒక చోట పకపకా నవ్వింది. ఆమె నవ్వు ఇంట్లో నేను ఎరిగిందే, కానీ అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు. ఇక్కడ చెయ్యి అడ్డం లేదు. ఇంకోచోట ఏడ్చింది, ముక్కు చీదింది, తెరమీది ఎవరినో తిట్టింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నేను ఉలిక్కిపడి అటు చూశాను. ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరి కోసమో ఎదురుచూసే మనిషి తలుపు వైపు చూడకుండా ఉండదు.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. గంటంబావు గడిచింది, తెరమీద కథేంటో నాకు ఒక్క ముక్క తెలియదు. ఆమె మెడ వెనక భాగం, దువ్వెన పెట్టుకున్న జుట్టు, అదే చూస్తున్నాను. కాపలా అంటే ఇదన్నమాట. పాతికేళ్లకు పైగా ఆమె సినిమా హాళ్లలో చూసింది మా మెడలనే. నాకు సిగ్గేసింది. చీకట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది.

నా ఫోను నా సంచిలో ఉండిపోయింది. అమ్మ పెట్టిన పద్నాలుగు మెసేజ్‌లు తరవాత చూశాను. జవాబు లేకపోయేసరికి ఆవిడ ఇంట్లో ఆగలేకపోయింది. ట్రైసికిల్ బండి మాట్లాడుకుని, బెబెంగ్‌ను వెంటేసుకుని వచ్చేసింది. లోపల తన చెల్లెలికి గుండెనొప్పి వచ్చిందని గేటు దగ్గర పిల్లకు చెప్పిందట. ఆ పిల్ల పాపం టార్చిలైటు పట్టుకుని ముందు నడిచింది.

తలుపు తెరుచుకుంది. "పురింగ్" అన్న కేక హాలంతా వినపడింది. టార్చిలైటు వరసల మీదుగా పాకి మా టీటా దగ్గర ఆగింది. అమ్మ గొడుగు కర్రతో పక్క సీటు పొడిచింది. సంచి కింద పడింది. అటువైపు వెలుగు వేయించింది, ఖాళీ. ఇటువైపు, ఖాళీ.

"ఎక్కడ వాడు?" అంది అమ్మ.

టీటా లేవలేదు. తెరమీంచి కళ్లు కూడా తిప్పలేదు. "మనాయ్, కూర్చుంటే కూర్చో, లేకపోతే బయటికెళ్లు. ఇంకో పావుగంటలో అయిపోతుంది" అంది.

చుట్టుపక్కల వాళ్లు ఉష్ అన్నారు. గుర్రు పెట్టే పెద్దాయన కూడా నిద్రలేచి ఉష్ అన్నాడు. మా అమ్మను ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ ఉష్ అనలేదు. నేను లేచి వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. బెబెంగ్ ఎప్పుడు జారుకుందో తెలియదు.

బయట బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. ఎవరూ లేరమ్మా, మొదటినుంచీ ఒక్కతే ఉంది అని చెప్పాను. ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది.

పేర్లన్నీ తెరమీంచి దిగిపోయేదాకా కూర్చుని, అందరికంటే చివర టీటా బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం హాయిగా ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మగాడు ఉండుంటే తిట్టేదాన్ని, కొన్నాళ్లు ఏడ్చేదాన్ని, ఆఖరికి అర్థం చేసుకునేదాన్ని" అంది అమ్మ. "ఎవరూ లేకుండా రావడమేంటే? మేమంతా చచ్చామా? మేం చాలమా నీకు?"

"చాలకపోవడమేంటి మనాయ్. మీరు ఎక్కువైపోయారు."

టీటా ఆ మాట కోపంగా అనలేదు. అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ జారిన శాలువా భుజాన సర్దుతూ అంది. పదకొండు జంటలకు అడ్డం కూర్చున్నానని, ఊళ్లో సగం ముద్దులు తనే ఆపానని, అన్నేళ్లలో ఒక్క సినిమా కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదని చెప్పింది. తనకు తెలిసిన కథల్లో హీరో ముందు చచ్చిపోయి తరవాత పుట్టేవాడట. ఇది ఆరో బుధవారమట, ఆరో సినిమా. ఆరూ పూర్తిగా చూసిందట. ఆ లెక్క చెబుతుంటే ఆమె గొంతులో గర్వం దాచుకుంటే దాగలేదు.

"మరి ఆ సంచి ఎవరికోసం పెట్టావు టీటా, పక్క సీట్లో?" అన్నాను నేను. అదొక్కటీ నాకు అంతుపట్టలేదు.

"ఎవరికోసమూ కాదే. పుట్టి బుద్ధెరిగాక నా ఒళ్లో సంచి లేకుండా ఎక్కడా కూర్చోలేదు. అందుకని దానికో సీటిచ్చాను."

అమ్మ కళ్లు తుడుచుకుంది. మా అమ్మ కళ్లు తుడుచుకుందంటే తీర్పు చెప్పబోతోందని అర్థం. సరే, సినిమాలు చూసుకో, ఎవరొద్దన్నారు, కానీ వచ్చే వారం నుంచి వాంజీ నీతో వస్తుంది, అంతే అంది. వాంజీ అంటే నేనే.

టీటా ముఖంలో వెలుగు పోయింది. అరవై మూడేళ్లుగా అక్క మాటకు ఎదురు చెప్పి ఎరగదు. ఇందాక చీకట్లో అక్కకు బదులు చెప్పిన ధైర్యం వెలుతురులో మిగల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరి సంచో రాబోతున్నట్టు అలా కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"నేను రానమ్మా" అన్నాను. "ఈవేళ సినిమా కథేంటో అడుగు, ఒక్క ముక్క చెప్పలేను. టీటానే చూస్తూ కూర్చున్నాను. కాపలా కాసేవాళ్లకి సినిమా ఉండదు. నేను రాను, ఇంకెవర్నీ రానివ్వను. ఆమె బుధవారం జోలికి ఎవరొచ్చినా నాతో మాట్లాడాలి."

అమ్మ నన్ను చూసింది, టీటాను చూసింది. టీటా బూట్లు సరిచేసుకుని లేచి నిలబడింది. ఆకలేస్తోంది అంది. అమ్మ అలవాటుగా లేచి, పద, ముగ్గురం కలిసి తిందాం అంది.

"రేపు తిందాం మనాయ్" అంది టీటా. "ఈవేళ బుధవారం."

నెమ్మదిగా చెప్పింది, కానీ వెలుతురులో నిలబడి చెప్పింది. చెప్పేసి మా ఎదురుగానే మాల్‌లోంచి బయటికెళ్లి, వీధి దాటి నూడుల్స్ సూపు కొట్లోకి నడిచింది. మధ్యలో, నలుగురు పట్టే బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. గోడ వారగా స్టూళ్లున్నాయి, అటు పోలేదు.

నేనూ అమ్మా వెనకే వెళ్లి కొట్టు గాజు తలుపుకు ఇవతల నిలబడిపోయాం. వేడి గిన్నె వచ్చింది. ఆమె నిమ్మచెక్క పిండుకుంది, మిరపకాయ చిదుముకుంది, గుడ్డును రెండు చేసి ఒక సగాన్ని తరవాతకని పక్కన పెట్టుకుంది. తొందర లేదు. ఇంట్లో అయితే ఆమె తినేది పొయ్యి పక్కన నిలబడి, మిగతావాళ్లకు ఇంకేం కావాలో కనిపెడుతూ. దీన్నిలా కూర్చుని తినగా నేను చూడనేలేదే అంది అమ్మ, తనలో తను.

అప్పుడు టీటా తలెత్తి మమ్మల్ని చూసింది.

మా ఊళ్లో తింటున్న మనిషికి ఎవరైనా కనబడితే రండి తిందాం అనకుండా ముద్ద దిగదు. ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా అంటాం. బస్సులో బిస్కెట్టు తినే పసిపిల్లలు కూడా అంటారు. అననివాణ్ని మనిషిగా లెక్కపెట్టరు. అమ్మ చెయ్యి అప్పుడే తలుపు మీదికి వెళ్లింది.

టీటా మమ్మల్ని చూసి నిండుగా నవ్వింది. చెంచా ముంచి సూపు తాగింది. పిలవలేదు.

అమ్మ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. కాసేపు అలాగే నిలబడి, చెయ్యి తీసేసి, నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది.

"పద పోదాం" అంది. "మనం చూస్తుంటే అది ఎలా తింటుంది?"