మోటారు ఆపిన పొద్దున

పొద్దున్నే మన ఇళ్ళల్లో మొదట వినబడేది పాపాయి ఏడుపు. ఈ వీధిలో మాత్రం మోటార్ల మోత. కొళాయికి నీళ్ళు వదిలారో లేదో, ఒక ఇంట్లో మోటారు గుర్రుమంటుంది. అది విని పక్కింటావిడ పరిగెత్తుకెళ్ళి తన స్విచ్చు నొక్కుతుంది. ఇక వీధంతా ఒకటే రొద. మున్సిపాలిటీ గొట్టానికి మోటారు తగిలించి నీళ్ళు లాక్కోకూడదని అందరికీ తెలుసు. కానీ అందరూ చేసే తప్పుని మనం తప్పు అనం కదా, తెలివి అంటాం.

ఆ వీధిలో అన్నిటికంటే పెద్ద మోటారు ఒక అత్తగారిది. అప్పుడే పుట్టిన మనవరాలిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారమే కొనిపించింది. "నా బంగారుతల్లికి నీళ్ళకి లోటు రాకూడదు" అని పట్టుబట్టింది. అది వేస్తే ఎదురింటి కొళాయి దగ్గుతుందని వీధిలో చెప్పుకునేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడితే కోపం రాకపోగా కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ మనవరాలిని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పేరుకే పిడుగు. రెండేళ్ళు నిండినా ఒళ్ళు చేయలేదు. వారం బాగుంటే మళ్ళీ విరేచనాలు. ఆ ఇంటి కోడలు, అంటే పిల్ల తల్లి, బెంగతో చిక్కిపోయింది. డాక్టరు చెప్పినట్టు తాగే నీళ్ళు తెర్లబెట్టి, చల్లార్చి, వడగట్టి ఇచ్చేది. చెంచా కూడా వేడినీళ్ళల్లో ముంచందే పిల్ల నోట్లో పెట్టేది కాదు. అయినా అదే తంతు.

"పళ్ళొస్తున్నాయే, మరేం లేదు. మీ ఆయనకీ ఇంతే" అనేది అత్తగారు.

"పళ్ళన్నీ వచ్చేశాయి అత్తయ్యా."

"అయితే దవడపళ్ళు."

ఇక ఆవిడ కూతురు, అంటే కోడలికి ఆడపడుచు. మున్సిపాలిటీలో పర్యావరణ ఆరోగ్య విభాగంలో ఇన్‌స్పెక్టరుగా కొత్తగా చేరింది. పరీక్ష రాసి, వేలమందిలో నెగ్గి తెచ్చుకున్న ఉద్యోగం. కానీ తల్లి ఒక్కరికీ నోరు తీపి చేయలేదు. ఎవరైనా అడిగితే "ఏదో ఆఫీసులోలెండి" అని మాట మార్చేసేది. ఈలోగా ఒక బీమా కంపెనీ వాళ్ళు కూడా అమ్మాయిని రమ్మన్నారు. మోటార్లు ఆగిన ఆ పొద్దున వాళ్ళు ఫోన్ చేస్తారు, ఏ సంగతో అప్పుడే చెప్పాలి.

"ఏసీ గది, తిరిగే కుర్చీ! అది కాదని మురిక్కాలవల వాసన చూస్తూ తిరుగుతావుటే? రేపు సంబంధం వాళ్ళొచ్చి అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే నేనేం చెప్పను?" తల్లి ఆ పొద్దున కూడా మొదలుపెట్టింది.

"ఉన్నదే చెప్పమ్మా."

"చెప్పేది మురిక్కాలవల గురించేగా! ఫోన్ రానీ, నేనే ఒప్పేసుకుంటాను."

ఆడపడుచు సంచీ భుజాన వేసుకుంది. గడప దాటబోతూ పెరటివైపు చూసి ఆగిపోయింది. వదిన తొట్టి దగ్గర పిల్లకి నీళ్ళు పోస్తోంది. పిడుగు చెంబు లాక్కుని, తొట్టిలో ముంచి, గటగటా తాగేస్తోంది!

"వదినా, ఆ నీళ్ళు తాగుతుందా అది?"

"రోజూ ఇదే ఆట, దొంగపిల్ల. వద్దన్నకొద్దీ తాగుతుంది. తాగడానికి మాత్రం కాచినవే ఇస్తాననుకో..." అంటూనే కోడలు ఆగిపోయింది. తన నోటి మాట తనకే కొత్తగా వినిపించింది.

ఆడపడుచు సంచీలోంచి వేలెడంత గాజుగొట్టం తీసి, తొట్టిలోకి పడుతున్న నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి ఊపింది. ముగ్గురూ గొట్టంవైపే చూశారు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"రంగు రాలేదు" అంది ఆడపడుచు.

"రాకపోతే మంచిదేగా!" అంది తల్లి.

"కాదమ్మా! ఊరి ట్యాంకులో కలిపిన క్లోరిన్ మనింటిదాకా వస్తే పసుపు రంగు రావాలి. రాలేదంటే దారిలో ఏదో మురికి కలిసి దాన్ని తినేసింది. వదినా, నీళ్ళు ఇంకెంతసేపొస్తాయి?"

"ఇంకో అరగంట వస్తే ఎక్కువ."

"ఆ అరగంటలోనే పట్టుకోవాలి దాన్ని!"

చెప్పులు కూడా వేసుకోకుండా ఆడపడుచు వీధిలోకి పరిగెత్తింది. కోడలు పిల్లని తువ్వాలులో చుట్టి చంకనేసుకుని వెనకాలే పరిగెత్తింది. వీధి మొదట్లో ఉన్న కొళాయి దగ్గర నీళ్ళు పట్టి చుక్కలు వేశారు. చక్కటి పసుపు!

"వచ్చింది వచ్చింది!" కోడలు గంతేసినంత పని చేసింది.

అక్కడినుంచి మూడిళ్ళు దాటితే రూల్సు తాతయ్య ఇల్లు. ప్రతిదానికీ రూల్సు చెబుతాడని ఆ పేరు. ఆయన ఇంట్లోనూ మోటారు మోగుతూనే ఉంది.

"మా నీళ్ళకేమమ్మా, అమృతం" అంటూనే గ్లాసు అందించాడు. పసుపే. ఆ పక్కింట్లో, బట్టలు కుట్టే అక్క దగ్గర పట్టారు. ఊపారు. మళ్ళీ ఊపారు. రంగు లేదు!

అయితే దొంగ ఈ రెండిళ్ళ మధ్యే ఉన్నాడు. రెండిళ్ళ మధ్య ఉన్నదేమిటి? బండలు కప్పిన మురిక్కాలవ. మంచినీళ్ళ గొట్టం దాంట్లోంచే అటు దాటుతుంది.

ఆడపడుచు ఫోన్ చేసిన కాసేపటికే వాళ్ళ ఆఫీసు పెద్ద మేడం స్కూటరు మీద వచ్చేసింది. వెనకాల బండీలో పనివాళ్ళు ఇద్దరు. గునపాలతో బండ లేపారు. నల్లటి నీళ్ళల్లో సగం మునిగి, అతుకు దగ్గర చీలిన గొట్టం కనబడింది. వీధి వీధంతా చుట్టూ మూగింది.

"నీళ్ళు ఆగేలోగా ఈ చీలిక సంగతి తేలాలి. మోటార్లన్నీ ఆపించాలి, తొందరగా!" అంది మేడం.

ఎవరాపుతారు? "మా తొట్టి సగమే నిండింది" అని ఒకరు, "ముందు వాళ్ళని ఆపమనండి" అని ఇంకొకరు. కోడలు ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తి ఎరగదు. ఆ పూట మాత్రం చంకలో పిల్లతో గుమ్మం గుమ్మానికీ ఎక్కి దిగింది. "అక్కా, ఒక్కసారి ఆపవా... పిన్నీ, నీ మనవడికి కూడా మొన్న ఇదే జబ్బుగా... తాతయ్యా, మీరైనా ఆపండి, రూలేగా!"

"రూలే" అని తాతయ్య తల వంచుకుని లోపలికి వెళ్ళాడు.

ఒక్కొక్కటే మోటారు ఆగింది. వీధి ఎన్నాళ్ళ తర్వాతో నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు చూశారు అందరూ. చీలికలోంచి తెల్లటి నీళ్ళు ఊటలాగా ఉబుకుతున్నాయి.

"ఓస్, ఇంతేనా? మంచినీళ్ళు బయటికి పోతున్నాయి, మురుగు లోపలికి రావట్లేదుగా!" అన్నారెవరో. అత్తగారు హమ్మయ్య అనుకుంది.

ఆడపడుచు తల్లివైపు తిరిగింది. "అమ్మా, ఇప్పుడు మన మోటారు వెయ్యి."

అత్తగారు వెళ్ళి స్విచ్చు నొక్కి, గబగబా వెనక్కి వచ్చి కాలవలోకి తొంగి చూసింది. ఊట ఆగిపోయింది. కాలవలో నీళ్ళు సుళ్ళు తిరిగాయి. తేలుతున్న బిస్కెట్టు కాగితం మెల్లగా కదిలి, జోరందుకుని, చీలికకి వెళ్ళి టపీమని అతుక్కుంది. దాని పక్కనుంచి నల్లటి నీళ్ళు గొట్టంలోకి పోతున్నాయి. పోతూనే ఉన్నాయి.

పిడుగు వేలు చూపించి "తాగే... నీలు" అంది.

అత్తగారి మొహం పాలిపోయింది. మనవరాలి తొట్టి నిండాలని కొన్న మోటారు. రోజూ తన చేత్తో నొక్కిన స్విచ్చు. ఆవిడ ఇంట్లోకి నడిచింది. మోటారు ఆగింది. ఆ వెంటనే, ఊడబీకిన గొట్టం నేలమీద పడిన చప్పుడు బయటికి వినిపించింది.

అప్పుడే మోగింది ఫోన్. బీమా కంపెనీ వాళ్ళు! వాళ్ళకిచ్చింది తల్లి నంబరే, ఫోన్ ఆవిడ కొంగునే ఉంది. గుమ్మంలోకి వచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, కూతురివైపు చూసింది. కూతురు మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, పనివాళ్ళకి అతుకు చూపిస్తోంది. జడ ఊడిపోయింది, మొహం వెలిగిపోతోంది.

"లేదు బాబూ, మా అమ్మాయికి కుదరదు. తనకి చాలా పనుంది" అంది ఆవిడ, వీధంతా వినేలా.

గొట్టం మార్చే పని మొదలయ్యాక కోడలు బెరుకుగా పెద్ద మేడం దగ్గరికి వచ్చింది. "మేడం, నేను పదో తరగతి పరీక్ష రాయకుండానే చదువు ఆపేశాను. నాలాంటిదానికి ఈ పని వస్తుందా?"

మేడం నవ్వింది. "ఇందాక గుమ్మం గుమ్మం ఎక్కి మోటార్లు ఆపించావు చూడు, మా పనిలో సగం అదే. మిగతా సగానికి చదువు కావాలి. ముందు ఆ పరీక్ష రాయి, పిల్లలున్నవాళ్ళు ఇంట్లో ఉండి చదివి రాసే దారి ఉంది. ఆ పైన డిప్లొమా. నీళ్ళు పరీక్షించేవాళ్ళు, గాలి కొలిచేవాళ్ళు, హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసేవాళ్ళు, ఫ్యాక్టరీలు వదిలే విషాన్ని పట్టుకునేవాళ్ళు... ఎంతమందైనా కావాలి మాకు. చదివిన పిల్లలు లేక కాదు, పెద్దవాళ్ళు నామోషీ అనుకుని పంపక మా ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. జబ్బు తగ్గించిన డాక్టరుకి దణ్ణం పెడతాం, పెట్టాలి కూడా. మరి జబ్బు రాకుండా ఆపినవాళ్ళని కాలవలవాళ్ళని ఈసడిస్తే, రేపు మన పిల్లల్ని ఎవరు కాస్తారు?"

అత్తగారు ఆ మాటలు తలుపు పక్కనే నిలబడి విన్నది.

రెండు మూడు నెలలు గడిచేసరికి పిడుగు నిజంగానే పిడుగైంది. బుగ్గలొచ్చాయి, చంకనెత్తుకుంటే బరువు తెలుస్తోంది. కోడలు పరీక్ష ఫీజు కట్టింది. ఒక చేత్తో పిల్లకి అన్నం పెడుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుంటోంది. వీధిలో పొద్దున్నే మోటార్లు మోగడం లేదు. ధార సన్నగానే వస్తుంది గానీ అందరికీ వస్తుంది. రూల్సు తాతయ్యకి ఇప్పుడు చెప్పుకోవడానికి నిజంగానే ఒక రూలు దొరికింది.

ఒకరోజు సంబంధం మాట్లాడటానికి ఒకావిడ వచ్చింది. అదే వీధి చివర ఆవిడ కూతురి కాపురం. నీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతూ అడిగింది. "ఇంతకీ మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?"

అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టుంది ఆవిడ వాలకం.

"మీ మనవడు మొన్నటిదాకా నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళేవాడు కదమ్మా, ఇప్పుడు వెళ్ళడం లేదుగా? మా అమ్మాయి చేసే ఉద్యోగం అదే!"