మునిరత్నమ్మ తెచ్చిన కంప్యూటరు

మునిరత్నమ్మ మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించుకుని, వేళ్ల సందుల్లో మరికాస్త రుద్దుకుని, కత్తి అందుకుంది. పండు ఎంత మాగినా తొడిమ దగ్గర సొన చావదు. కత్తి మొన తగలగానే చివ్వున చిమ్ముతుంది, పడినచోట చర్మం కమిలి నల్లబడి పొరలు పొరలుగా లేచిపోతుంది. మామిడి కాలంలో బంగారుపాళ్యం బస్సులో చేతులు చూస్తే చాలు, ఏ ఆడమనిషి జ్యూసు ఫ్యాక్టరీకి పోతోందో చెప్పేయొచ్చు. మునిరత్నమ్మ చేతులైతే కాలం దాటినా తెల్లబడేవి కావు. కూతురు పుట్టకముందు నుంచీ అదే బల్ల, అదే చోటు. ఎడమకాలి మీద బరువు వేసి నిలబడి నిలబడి మనిషే కాస్త ఎడమకు వాలిపోయింది. నడిచినా అంతే, ఎవరింట్లోనో పెళ్లిలో ఫొటోకి నిలబడినా అంతే.

నీళ్ల కాలువలో పండ్లు తేలుకుంటూ వస్తాయి. ఆడవాళ్లు వాటిని అందుకుని, తొడిమ కోసి, కుళ్లినచోట చెక్కి, బెల్టు మీదికి తోస్తారు. అవతల మిషను టెంకను ఒకవైపు, గుజ్జును ఒకవైపు చేస్తుంది. ఆ గుజ్జు డబ్బాల్లో పడి మద్రాసు రేవుకు పోయి, అక్కడినుంచి ఏ దేశాలవాళ్లో తాగుతారట. తాగనీ పాపం, వాళ్లకూ దాహమే కదా.

ఆ రోజు ఆఖరి లోడు. అది అయిపోతే మిషన్లు కడిగి, కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ కొట్టి ఫ్యాక్టరీ మూసేస్తారు. మళ్లీ తెరిచేది మరుసటేడు కాయ దిగినప్పుడే. ఏటా ఆ రోజు వచ్చిందంటే మునిరత్నమ్మకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు, ఇక రేపటినుంచి ఏం చేయాలిరా దేవుడా అని. ఈసారి మాత్రం ఎప్పుడెప్పుడు గుమ్మడికాయ కొడతారా అని కాలువ వైపే చూస్తోంది.

"ఏం మే, ఈపొద్దు నీకు కాళ్లు నేలమీద నిలవలేదే" అంది పక్కన కత్తి ఆడిస్తున్న చెంగమ్మ. "కంప్యూటరమ్మ అయిపోతాండావు. ఇంగ మాతో మాట్లాడతావో లేదో."

"గమ్మునుండు మే. ఎవురన్నా ఇంటే అడ్డం కొడతారు."

"అడ్డం కొట్టేదానికి అది ఎవురికి కావాల? మా ఇంట్లో పెడితే పిల్లి ఎక్కి పండుకుంటాది దానిమీద."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మునిరత్నమ్మ కూడా నవ్వింది. నవ్వితే ముందు పన్ను మీద పన్ను కనబడుతుందని పెళ్లినాటినుంచీ చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు. ఇప్పుడు చేతికి సొన ఉందని మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

సంగతేమంటే, ఆమెకు ఒక్కతే కూతురు, ధరణి. మొగుడు మునస్వామి తోట కావలి. కాయ పిందె పట్టినప్పుడు తోటకు పోతే కోత అయ్యేదాకా ఇంటి మొహం చూడడు. ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్లే. ధరణి చిత్తూరులో డిగ్రీ చదువుతోంది, అందులోనూ కంప్యూటర్లు. చేరేటప్పుడు కంప్యూటర్లు కాలేజీలోనే ఉంటాయని చెప్పారు. ఉన్నాయి, లేవని కాదు. చెప్పులు బయట విడిచిపెట్టి పోవాలి, లోపల చల్లగా గుడిలో ఉన్నట్టు ఉంటుందట. ఒక్కోదాని ముందు ముగ్గురేసి పిల్లలు. ఇంట్లో కంప్యూటరు ఉండేవాళ్లకు చెయ్యి తిరిగి ఉంటుంది కాబట్టి వాళ్లే ముందు కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు లేవరు. ధరణి వెనక నిలబడి వాళ్ల భుజాల మీదుగా చూసేది. తన వంతు వచ్చేసరికి కరెంటన్నా పోయేది, గంటన్నా కొట్టేవాళ్లు. అట్లా చూసి చూసే రెండేళ్లు గడిచిపోయాయి. వంట చేసేవాళ్ల పక్కన నిలబడి చూస్తే ఆకలి తీరుతుందా?

అందుకని ఆ పిల్ల ఒక పని చేసింది. ఫ్యాక్టరీ గుజ్జు డబ్బాలు పెట్టే అట్టపెట్టె ఒకటి అమ్మచేత తెప్పించుకుని, ఒకవైపు అట్ట కోసి, దానిమీద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాసుకుంది. వెనకవైపు మామిడిపండు బొమ్మ, ముందువైపు అక్షరాలు. రోజూ పొద్దున ఆ అట్ట ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ టకటకా కొట్టేది.

"వరసగా రాసుకోకుండా ఈ చిందరవందర ఏందే?" అని అడిగింది ఒకసారి మునిరత్నమ్మ.

"దాంట్లో అట్లే ఉంటాయిమ్మా."

చదువుకున్నవాళ్ల వరసలు వేరే కాబోలు అనుకుని ఊరుకుంది.

ఈ ఆఖరేడాది మొదలు కాగానే కాలేజీలో సారు చెప్పేశాడు. ఇంట్లో కంప్యూటరు ఉండేవాళ్లు ప్రాజెక్టు చేసుకుని రండి, లేనివాళ్లు బయట సెంటర్లో డబ్బు కట్టి చేసుకోండి, రెండూ లేనివాళ్లు ఎందుకు చేరారో మీకే తెలియాలి అని. పిల్లలందరి ముందరా అన్నాడు. ఆ సాయంత్రం ధరణి సంగటి ముద్ద ముందు పెట్టుకుని అట్లే కూర్చుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు మద్రాసు రోడ్డులో ఫోన్లు బిగించే కంపెనీకి ఆడపిల్లల్ని తీసుకుపోయే వ్యాను ఊళ్లోకి వచ్చింది. ఇంటరు చదివితే చాలు, తిండీ హాస్టలూ వాళ్లే చూస్తారన్నారు. ధరణి పోయి పేరు ఇచ్చి వచ్చింది.

ఈ రోజే ఆ వ్యాను వచ్చేది. పొద్దున మునిరత్నమ్మ క్యారియరు కట్టుకుంటుంటే గడపలో సంచి సర్దుకుంటూ చెప్పింది ధరణి:

"సాయంత్రం వ్యాను వస్తాదిమ్మా. అంతలోకి నువ్వు కంప్యూటరు తెస్తే సంచి విప్పేస్తా. లేకపోతే పోతా. ఏడవగూడదు."

"తెస్తా. సుందరరాజు సారు మాటిచ్చినాడు. నేను తెచ్చేదాకా నువ్వు గడప దాటితే సూడు."

ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ ఏడు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిని వెనక వరండాలో పడేశారు. అది చూసిన రోజునుంచి మునిరత్నమ్మ గుమాస్తా సుందరరాజు వెంటపడి, నా ఆఖరు కూలీ పట్టేసుకోండి సార్, బోనస్సు కూడా వద్దు, ఒకటి నా బిడ్డకు ఇప్పించండి అని నసపెట్టి నసపెట్టి ఒప్పించింది. సుందరరాజు చెడ్డవాడు కాదు. అడిగితే విసుక్కుంటాడు, విసుక్కుని ఇస్తాడు.

మధ్యాహ్నం దాటాక కాలువలో ఆఖరి పండు తేలుతూ వచ్చింది. దాన్ని చెంగమ్మ పట్టుకుని, కొయ్యకుండా కొంగులో దోపుకుంది. మిషన్లు కడిగారు. గుమ్మడికాయ పగిలింది. కర్పూరం ఆరకముందే మునిరత్నమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

లోపల సుందరరాజు ఫోను చెవికి ఆనించుకుని లారీవాడితో అరుస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు. "పోమ్మా, వెనక ఉండాయి. కంప్యూటర్ ఒకటి ఎత్తుకో. పాత ఇనుమోడు బండి తెచ్చేసినాడు, వాడు ఎక్కించకముందే బిన్నా పో."

వరండాలో ఒకవైపు టీవీల్లాంటివి వరసగా ఉన్నాయి. ఇంకోవైపు రేకు డబ్బాలు. ఒక గంపనిండా తీగలు. వాచ్‌మన్ ఢిల్లీబాబు స్టూలు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఏదక్కా కావాల నీకు? బాగుండేది సూసుకో."

మునిరత్నమ్మ చేతులు చీరకు తుడుచుకుని, ఒక్కోదాని అద్దం మీద దుమ్ము తుడిచి చూసింది. గీతలు లేనిదాన్ని, అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకుంది. తర్వాత ఆ రేకు డబ్బాల వైపు చూసింది.

"అవేంది నాయనా?"

"అవా? కరెంటు డబ్బాలు. మన స్టెబిలైజర్ మాదిరి. బల్ల కింద పెట్టుకుంటారు. రాత్రంతా గుయ్యిమంటా ఉంటాయి, మనిషికి నిద్రుండదు."

"మా ఇంట్లో స్టెబిలైజర్ ఉండాదిలే" అంది మునిరత్నమ్మ. నిజమే. టీవీ ఎప్పుడో కాలిపోయినా దాని స్టెబిలైజర్ ఇంట్లో గూట్లో అట్లే ఉంది. ఎప్పటికైనా పనికొస్తుందని తనే దాచింది. ఆ దాచినందుకు ఇప్పుడు తనను తానే మెచ్చుకుంది. రెండూ మోసుకుని బస్సు ఎక్కేదెట్లా?

ఇనుపసామాను వాడు ఒక్కడే డబ్బాల్ని బండికెక్కిస్తూ ఆయాసపడుతున్నాడు. "అక్కా, ఒక చెయ్యెయ్యక్కా" అన్నాడు. ఎవరు అడిగినా కాదనే మనిషి కాదు మునిరత్నమ్మ. కొంగు దోపుకుని ఒక్కో డబ్బా అందించింది. ఒకదానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పోయిన ఆయుధపూజ నాటివి, ఎండిపోయినా గట్టిగా పట్టుకున్నాయి. పక్కన చిన్న ఏడుకొండలవాడి బొమ్మ అంటించారు. దేవుడి బొమ్మ ఉండేది కాలికి తగలకూడదని దాన్ని మాత్రం కళ్లకద్దుకుని అందించింది. బండి గేటు దాటి మద్రాసు దారి పట్టింది.

బస్సులో కంప్యూటర్ని పాతచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. బరువుకు తొడలు తిమ్మిరెక్కాయి. వెనకనుంచి కరెంటు ప్లగ్గు తీగ ఒకటి, తోకలాగా ఇంకో తీగ వేలాడుతున్నాయి. ఆ తోకతీగ కొసన సన్నటి సూదులు. అవి ఎక్కడ విరుగుతాయో అని పిడికిట్లో మూసి పట్టుకుంది.

"టీవీనా అక్కా?" అన్నాడు కండక్టరు.

"కంప్యూటరు" అంది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు.

ఆమె సందు మలుపు తిరగగానే గడపలో ఉన్న ధరణి చూసింది. ఆ పెద్ద మూట చూసి పరుగెత్తి వచ్చింది, చిన్నప్పుడు సంత నుంచి అమ్మ వస్తే పరుగెత్తినట్టు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లోపలికి తెచ్చారు. ధరణి ముందు పోయి సంచి ముడి విప్పేసింది. తర్వాత వచ్చి చీర విప్పింది. అద్దం మీద చెయ్యి పెట్టింది. దాని వెనకవైపు తొంగి చూసింది. మూటలో ఇంకేమన్నా ఉందా అని చీర దులిపి చూసింది.

"మా... దీంతో ఇంకోటి ఇయ్యలేదా?"

"తీగలా? గంపలో నిండా ఉండాయి. అడిగితే మల్ల ఇస్తాడులే."

"తీగలు కాదు. ఒక డబ్బా."

"స్టెబిలైజరా? మనకుండాది కదా!" అంటూ మునిరత్నమ్మ గూట్లోంచి స్టెబిలైజర్ దించి, దుమ్ము ఊది, బల్లమీద పెట్టింది. ఆమె మొహం చెమటతో, సంతోషంతో మెరిసిపోతోంది. ధరణి ఆ మొహం కేసి కాసేపు చూసింది.

"ఆ... ఉండాదిలే" అంది.

ప్లగ్గు తీగ స్టెబిలైజర్‌కు పెట్టి మీట వేసింది. టప్పుమని చప్పుడయింది. అద్దం నల్లగా ఉండి, మెల్లగా నీలం తిరిగి, అందులో ఒక చిన్న గడి, గడిలో ఇంగ్లీషు మాటలు వచ్చాయి. ఆ గడి అద్దంలో ఒక మూలనుంచి ఇంకో మూలకు తిరగసాగింది.

"వచ్చె! వచ్చెనే! ఏమి రాసిందే?"

తనకు ఏదీ అందడం లేదని, దేనికీ తగిలించలేదని రాసింది అది. చదవగలిగింది ధరణి ఒక్కతే.

"బాగుండారా అని అడగతాండాదిమ్మా" అంది.

"బాగుండాము తల్లీ, బాగుండాము!" అని దానికే జవాబు చెప్పింది మునిరత్నమ్మ. "ఉండు, కొత్త వస్తువు, బొట్టు పెడతా." కుంకుమ భరిణె తెచ్చి, వేలు తడిచేసి కుంకుమలో అద్దింది. అద్దం మీద పెట్టాలా, పైన పెట్టాలా అని చూసింది. ఆఫీసులో ఎక్కడ పెట్టారో గుర్తుచేసుకుంది.

వేలు గాలిలోనే ఆగిపోయింది.

ఆఫీసులో టీవీలకు వేటికీ బొట్టు లేదు. వరసగా అన్నిటి దుమ్మూ తుడిచింది కదా, ఒక్కదానికీ లేదు. ఆయుధపూజ నాడు ఎవరైనా పనిచేసేదానికే పెడతారు బొట్టు. కత్తికి పెడతారు, మిషనుకు పెడతారు. బుట్టకు పెట్టరు. బొట్టు ఉండింది ఆ డబ్బాకు. పసుపు, కుంకుమ, పైన దేవుడు కూడా.

వెనక్కి తిరిగింది. ధరణి సంచి ముందు కూర్చుని, విప్పిన ముడి మళ్లీ వేసుకుంటోంది.

"ధరణీ, ఆ డబ్బానా మే?"

ధరణి ముడి బిగించింది.

"నేనే ఎత్తిచ్చినానే. కండ్లకద్దుకుని నా చేత్తోనే..."

"పోనీలేమ్మా. అది ఉన్నా ఇంగా ఏవేవో కావాల. ఒకటి తెస్తే ఇంకోటి అడగతాది అది."

"రేపు పోయి సారు కాళ్లు పట్టుకుంటా. ఇంగోటి..."

"అన్నీ ఎక్కించేసినారు కదా?"

 అన్నీ అందించింది మునిరత్నమ్మే.

సందు మొదట్లో వ్యాను హారను కొట్టింది. లోపల అప్పటికే పక్కపల్లెల పిల్లలు కూర్చుని ఉన్నారు, తలనిండా పూలు పెట్టుకుని, పెళ్లికి పోతున్నట్టు. ధరణి సంచి భుజానికి వేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, కుంకుమ ఉన్న ఆ వేలితో తన నొసట బొట్టు పెట్టుకుంది.

"నాయన కోత ముగించుకుని వస్తే చెప్పు" అంది. "సంగటి తిను. నంజుకునేదానికి ఊరిబిండి గిన్నెలో ఉండాది."

ఏడవకూడదని పొద్దున్నే చెప్పింది కాబట్టి మునిరత్నమ్మ ఏడవలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా ఎడమకు వాలి నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి స్టెబిలైజర్ని తీసి అటూ ఇటూ తిప్పింది. ఆ తోకతీగ కొసన సూదులు పట్టే చోటు దానికి ఎక్కడైనా ఉందేమో అని వేలితో తడిమి తడిమి చూసింది. లేదు. తీగను బల్ల మీదికి వదిలేసింది.

అది వెళ్లి ధరణి విడిచిపోయిన అట్ట మీద పడింది. కూతురి వేళ్లు తగిలి తగిలి కొన్ని గళ్లలో అక్షరాలు చెరిగిపోయి, కింద అట్ట నున్నగా, గోధుమరంగుగా బయటపడి ఉంది.