మూడో పిలుపు

సెలవులకు ఏథెన్స్ నుంచి వచ్చిన మనవరాలు మిర్తో చెప్పులు అలల అంచున కనబడేసరికి ఎవాంథియా గుండె జారిపోయింది. పిల్ల లేదు. మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులేసుకుని పడుకున్న వేళ.

"మిర్తో!" అని సముద్రం వైపు కేక పెట్టింది. బదులు లేదు. ఇసుకలో చిన్న పాదాల గుర్తులు పట్టుకుని ఒడ్డునున్న పాత గుడి శిథిలాల దాకా పరుగెత్తింది. విరిగిన స్తంభాల దగ్గర ఇంకో కేక పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల ఎండన పడి తిరక్కుండా, తన నానమ్మ చెప్పిన కథే పొద్దున తనూ చెప్పింది. "మధ్యాహ్నం ఆ రాళ్లలో జలకన్యలు తిరుగుతారే. మనవాళ్ల గొంతుతోనే పిలుస్తారు. కానీ రెండుసార్లకు మించి పిలవలేరు. మూడో పిలుపు వినకుండా పలికావో, నీ గొంతు ఎత్తుకుపోతారు!"

"నా నోరు పడిపోను!" అని తిట్టుకుని, నిలబడ్డచోటే వరసగా మూడుసార్లు పిలిచింది.

"వస్తున్నా నానమ్మా!" అంటూ మిర్తో గోడ చాటునుంచి గెంతుతూ వచ్చింది. ఎవాంథియా పిల్లని వాటేసుకుని, దిష్టి తగలకుండా మూడుసార్లు తుతుతూ అంది.

"చూశావా, నేనెంత గట్టిదాన్నో!" అంది మిర్తో గొప్పగా. "ఇందాక నువ్వు ఈ గోడ వెనకున్న పాడుబావిలోంచి పిలిచినా పలకలేదు. రెండుసార్లే పిలిచావుగా మరి!"

ఎవాంథియా ఆ బావి వైపు వెళ్లనే లేదు.