నీలం మూత

ఎండబెట్టాక ఆ ముక్క బరువు మిల్లీగ్రామున్నర కూడా లేదు. పదహారేళ్ళ పిల్ల కాలేయంలోంచి సూదితో తీసింది. దాన్ని కొలవాల్సిన మనిషి ఆ పిల్లకు స్వయానా మేనత్త. సొంతవాళ్ళ నమూనా ముట్టుకోకూడదని ల్యాబులో నియమం ఉంది. కానీ ఇంత చిన్న ముక్కలో లోహాలను కొలవగల చెయ్యి అక్కడ ఆవిడదొక్కటే. ల్యాబు పెద్దాయన రెండు రోజులు గింజుకుని చివరికి సరేనన్నాడు.

ఈ పరీక్షలో విడ్డూరమేమిటంటే, ఇంటిల్లిపాదీ అంకె ఎక్కువ రావాలనే కోరుకుంటున్నారు. గ్రాముకి రెండు వందల యాభై మైక్రోగ్రాముల రాగి దాటితే అది రాగి పేరుకునే జబ్బు. జీవితాంతం మాత్రలు మింగాలి, అంతే, పిల్ల దక్కుతుంది. దాటకపోతే కాలేయం ఎందుకు పాడవుతోందో ఏ డాక్టరుకూ అంతుపట్టనట్టే. నాలుగు నెలలు వెతగ్గా మిగిలిన ఆశ ఇదొక్కటే.

పెద్దాయన పెట్టిన పద్ధతి ప్రకారం మేనత్త ముక్కను రెండుగా కోసి సగం దాచింది. మిగతా సగాన్ని గొట్టంలో ఆసిడ్ పోసి, మూత బిగించి, వేడిచేసి కరిగించింది. పక్కనే ఒట్టి ఆసిడ్ పోసిన ఖాళీ గొట్టం. మెషీన్లో ముందు ఖాళీ గొట్టాన్ని చూడాలి. అందులో ఏమీ లేదని తేలాకే అసలుది. ఈ మాట చెప్పి చెప్పి కొత్తగా చేరినవాళ్ళ ప్రాణాలు తోడేసేది ఆవిడే. అలాంటి మనిషికి ఆ రోజు ఆత్రం ఆగలేదు. మేనకోడలి గొట్టాన్నే ముందు పెట్టింది.

నాలుగు వందల పది.

మేనత్తకు ప్రాణం లేచొచ్చింది. నడవాలోకి పరిగెత్తి వదినకు ఫోన్ చేసేసింది. ఎక్కువే ఉందనీ, జబ్బు దొరికిందనీ, జాగ్రత్త కోసం దాచిన సగం ఇంకా ఉండనే ఉందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అవతల వదిన ఏడ్చేసింది. వెనకాల పిల్ల నవ్వు వినపడింది.

తిరిగొచ్చి ఖాళీ గొట్టాన్ని పెట్టింది. అందులోనూ దాదాపు అంతే రాగి.

ముక్కే లేని గొట్టంలోకి రాగి ఎక్కణ్ణించి వచ్చింది? ఆసిడ్ రోజూ వాడే సీసాలోదే. అందులో కలిపే నీళ్ళూ ఎప్పటివే. చివరికి కన్ను మూతల మీద పడింది. తెల్లమూతలు నిండుకున్నాయని ఆ పూట నీలం మూతలు బిగించింది. ఆ నీలం రంగులో ఉండేదే రాగి. వేడి ఆవిరి తగిలి అది లోపలికి దిగింది. ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో మరి.

పెద్దాయనకు జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిడితేనే బాగుండుననిపించింది. గిడ్డంగి గాలించి నాలుగు తెల్లమూతలు పట్టుకొచ్చాడు. దాచిన సగాన్ని ఆ మూతలే బిగించి కరిగించారు. ఈసారి ఖాళీ గొట్టమే ముందు. శుభ్రంగా ఉంది. తరవాత అసలుది.

ముప్ఫై ఎనిమిది. ఏ జబ్బూ లేని మనిషిలో ఉండేంత.

వదినకు చేస్తే ఫోన్ పిల్ల ఎత్తింది.

"అత్తా, మాత్రలు చేదుగా ఉంటాయా?"

అమ్మకివ్వమందామనుకుంది మేనత్త. మొదటిసారి నోరు జారింది తనే, ఇప్పుడు దాటేస్తే మరీ సిగ్గుచేటు.

"నేను తప్పు చేశానమ్మా. ఆ రాగి నీది కాదు, గొట్టం మూతది. నీకా జబ్బు లేదు."

"దాచిన సగం ఉందని అమ్మతో అన్నావుగా. అది కొలిచి చూడు."

"ఇప్పుడు కొలిచింది అదేనమ్మా."

పిల్ల ఫోన్ పెట్టేయలేదు. మేనత్త కూడా పెట్టేయలేదు.