సగమే చెప్పిన ఆనవాలు

అలలపై కనబడిన దీపం ఎవరిదని అడుగక దారి చూపే తల్లీ, సముద్రమాతా మాజూ! నీ పాదాలకు మ్రొక్కి, మా పెంగ్హూ దీవి బడిలో జరిగిన కథ చెబుతున్నాను.

కువో టీచరు మూడవ తరగతి పిల్లలచేత బ్లాగు వ్రాయించేది. ఒకరు మొదలుపెట్టిన రాతకు తరగతిలో ప్రతివారూ ఒక వాక్యమైనా చేర్చాలి. అప్పుడే అది లోకానికి కనబడుతుంది.

ఆ వారం మిన్‌యా, తన తాత వల వేసే చోటును గూర్చి మొదలుపెట్టింది. గుడికప్పు కొన దీపస్తంభానికి సూటిగా రాగానే తాత ఇంజను ఆపుతాడని వ్రాసింది. అదొక్కటే అయితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కాని ఆ పడవలోనే పనిచేసే బాబాయి చెప్పగా విన్న జెహావ్, అక్కడ నల్లరాయి వెనుకనుండి గాలిమర తొంగిచూస్తుందని చేర్చాడు. మరొక పిల్ల ఆ రెండు చూపుల గీతలూ కలిసే చోటు తెలిసేలా బొమ్మ గీసింది. ఎవరి మాట వారిది. అన్నీ కలిస్తే, తాత తన తండ్రినుండి పొంది తన పడవ బయట ఎవరికీ చెప్పని చోటు. మావాళ్లకు అది ఇంటి తాళంచెవి వంటిది.

మధ్యాహ్నానికి, సముద్రం అవతల తైవాన్ పెద్దదీవి నుండి ఎవరో గాలపు సరదా గల మనిషి జవాబు వ్రాశాడు. బొమ్మ దాచుకున్నాడట, ఆదివారం ఉదయం మిత్రులతో పడవలో వస్తాడట. టీచరు రాతను వెంటనే తీసివేసింది. చదివినవాని చేతిలోనుండి మాత్రం తీయలేకపోయింది.

మిన్‌యా అన్నం ముట్టలేదు.

"మీ తాత ఇంక నిన్ను పడవ ఎక్కనివ్వడు" అన్నాడు జెహావ్.

"నువ్వేమన్నా తక్కువ తిన్నావా? గాలిమర సంగతి ఎవరు రాశారు?"

సాయంత్రం మిన్‌యా టీచరు చేయి పట్టుకొని రేవుకు వెళ్లి, తాతకు అంతా చెప్పింది. ఆయన తాడు కడుతూనే ఉన్నాడు.

"ఆటుపోట్ల సంగతి ఎవరైనా రాశారా?"

ఎవరూ వ్రాయలేదు. తాత చేతులు ఆగిపోయాయి.

"ఆదివారం పొద్దున్న ఆటు, నీరు వెనక్కి తీస్తది. రాళ్లు నీళ్ల కింద జానెడు లోతులో ఉంటాయి. పడవ చీలిపోద్ది."

రావద్దని వ్రాస్తానన్నది టీచరు.

"వద్దంటే ఆగుతారా పంతులమ్మా? చేపలు ఇంకా ఎక్కువున్నాయనుకుంటారు."

మెడలోని మాజు గుడి విభూతి సంచిని తడుముకొని అన్నాడు: "ఆ తల్లి మనోళ్లా పైవాళ్లా అని చూస్తదా? మిగతా సగం కూడా రాయించండి."

మరునాడు ఆయన రబ్బరు బూట్లతోనే తరగతిలో నిలబడి, నల్లరాయి మెడవరకు మునిగేదాకా లోపలికి రాకూడదని చెప్పాడు. మిన్‌యా అక్షరం అక్షరం వ్రాసింది. పిల్లలందరూ తమ వాక్యాలు చేర్చారు. జవాబు మాత్రం రాలేదు.

ఆదివారం మిన్‌యా రేవుగోడపై కూర్చుంది. తెల్లపడవ ఒకటి వేగంగా వచ్చింది. నల్లరాయి ఇంకా నడుము వరకు బయటే ఉంది. రాళ్లకు ఇవతల పడవ నెమ్మదించింది, ఆగింది. నీరు రాతి మెడను తాకేదాకా అక్కడే లంగరు వేసి ఉంది.

తాత ఇంజను తిప్పాడు.

"ఎక్కు. వాళ్ల పక్కన మనం ఎక్కడ ఆగాలో నువ్వే చూపించు."

ఈ కథ విన్నవారి పడవలు, పరాయివారివైనా సరే, చీకటికి ముందే రేవు చేరుగాక. వారి బిడ్డలు పలికే మాట నిండుగా ఉండుగాక.